నాంపల్లికి ఒక రోజు ఆలస్యంగా వచ్చే వింబుల్డన్

వింబుల్డన్ సెమీఫైనల్ ఫలితాన్ని ఒకసారి నేను మార్చేశాను. నమ్మకపోతే మీ ఇష్టం. అప్పటికి నాకు పదిహేనేళ్లు, మీసం వద్దామా మానేద్దామా అని ఇంకా ఆలోచిస్తోంది. లండన్‌లో దొరలూ దొరసానులూ టోపీలు పెట్టుకుని కూర్చుని, కళ్లారా చూసి, ఫలానావాడు గెలిచాడని చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోయారు. నేను నాంపల్లిలో కలం పట్టుకుని, కాదు పొమ్మని, ఓడినవాణ్ణి గెలిపించాను. నాంపల్లి మొత్తం, ఆబిడ్స్‌లో సగం, నా మాటే నమ్మాయి. ఇన్నేళ్లుగా ఈ సంగతి ఎవరికి చెప్పినా నోరు తెరుచుకుని విన్నారు, మా ఆవిడ తప్ప. ఆవిడ నా మాటలు వినడం మానేసి చాలాకాలమైంది.

నాంపల్లి మొత్తం అన్నాను కదా, సరే, కొంచెం తగ్గిద్దాం. ఒక వీధి. వీధి కూడా కాదు, ఒక ఇంటి వాకిలి. ఆ వాకిట్లో రెండు కుటుంబాలు, ఒక మేక. ఆబిడ్స్‌లో సగం అన్నది మాత్రం పూర్తిగా కల్పన కాదు. అక్కడొక దుకాణం ఉండేది, ఆ దుకాణం యజమాని నా మాట నమ్మాడు. నమ్మాడనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మొన్న వానలు మొదలైన రోజుల్లో ఆ దుకాణందారు కూతురు సుశీల ఫోన్ చేసింది. "సూర్యం, దుకాణం ఖాళీ చేస్తున్న. నీ సామాను ఒకటి ఈడ పడి ఉన్నది, వచ్చి జూస్కో," అంది.

"నా సామానా? నాదేముంది అక్కడ?"

"వస్తే ఎరుకైతది. జర జల్ది రా, బిల్డింగు కూలగొడ్తరంట."

ఠక్కున పెట్టేసింది. సుశీల ఎప్పుడూ అంతే. ఆడపిల్లల బడిలో ఆటల టీచరుగా రిటైరయ్యేదాకా విజిల్ ఊదిన మనిషి, మాటలు కూడా విజిల్ ఊదినట్టే పొట్టిగా వస్తాయి.

మా నాన్నగారు సెక్రటేరియట్లో గుమస్తా. బందరు నుంచి కర్నూలుకీ, రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి హైదరాబాదుకీ, ఫైళ్లతో పాటు మమ్మల్నీ మోసుకొచ్చారు. నాంపల్లి స్టేషన్ వెనక వీధిలో రాజలింగం గారింట్లో కింది వాటా కిరాయికి దొరికింది. కిరాయి అనే మాట నేను మూడు రోజుల్లో నేర్చుకున్నాను, మా అమ్మ మాత్రం చివరిదాకా అద్దె అనే అంది. పైవాటాలో ఇంటివాళ్లు ముగ్గురే: రాజలింగం గారు, ఆయన తల్లి అవ్వ, ఆయన కూతురు సుశీల. సుశీల తల్లి ఆ పిల్ల పసితనంలోనే పోయింది కాబట్టి అవ్వ మాటే ఆ ఇంటికి చట్టం. సుశీలకూ నాకూ ఒకటే వయసు. రాజలింగం గారిని నేను మామయ్యా అని పిలిచేవాణ్ణి. ఆయన మా నాన్నను సారు అనీ, నన్ను చిన్నసారు అనీ అనేవాడు. మొదటిది గౌరవం, రెండోది ఎగతాళి. పొద్దున్నే స్టేషన్లో ఇంజన్ ఊపిరి వదిలిందంటే అమ్మ ఆరేసిన చీరల మీద బొగ్గునుసి రాలేది. అమ్మ వేసిన ఇంగువ పోపు మెట్లెక్కి పైకి పోయేది, అవ్వ కాల్చే జొన్నరొట్టె వాసన మెట్లు దిగి కిందికొచ్చేది. ఆ రెండూ ఎదురుపడే మెట్టు ఒకటుంది, కింది నుంచి ఆరోది. నా చదువంతా ఆ మెట్టు మీదే జరిగింది. మార్కులు రాకపోవడానికి కూడా అదే కారణమని అప్పట్లో నాన్నగారితో వాదించాను.

ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మామయ్య దుకాణం. టెన్నిస్ రాకెట్లకు గట్ కట్టడం ఆయన పని. గట్ అంటే గొర్రె పేగులతో చేసిన నరం. ఈ సంగతి తెలిసిన రోజున మా అమ్మ ఆయన ముట్టుకున్న కొళాయి మీద చెంబెడు నీళ్లు పోసింది, అది చూసి అవ్వ నెల రోజులు నవ్వింది. దుకాణంలో వార్నిష్ వాసన, కొత్త చెక్క వాసన, ఆ నరం తాలూకు ఒక పాత వాసన కలిసి ఉండేవి. మామయ్య రాకెట్‌ను బల్లకు బిగించి, ఒక్కొక్క నరం లాగి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. సరిగ్గా పలికేదాకా వదిలేవాడు కాదు. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది, దేవుడొచ్చి చెప్పినా మారనిది. గట్‌కు తడి తగలకూడదు. "తడిస్తే ఉబ్బుతది, ఉబ్బితే తెగుతది," అనేవాడు. వాన పడుతుంటే రాకెట్ సొంతదారు స్వయంగా వచ్చి అడిగినా ఇచ్చేవాడు కాదు. "వాన తగ్గినంక రండ్రి సాబ్," అని లోపలికి పోయేవాడు. ఒకసారి ఎవరో పెద్దాఫీసరు కోప్పడితే, "రాకెట్ మీదే సాబ్, గట్ నా పేరు మీదున్నది," అన్నాడు.

క్లబ్బుల నుంచి రాకెట్లు తెచ్చే పెద్దమనుషుల దగ్గర ఆయన వింబుల్డన్ చరిత్రంతా విని వచ్చేవాడు. భోజనాలయ్యాక వాకిట్లో నులకమంచం వేసుకుని మాకు చెప్పేవాడు. అసలు ఆ పోటీలు ఎలా మొదలయ్యాయంటే, అక్కడి క్లబ్బులో గడ్డి చదును చేసే రోలర్ పాడైందట, గుర్రం లాగే పెద్ద రోలర్. దాన్ని బాగు చేయించడానికి నలుగురూ కలిసి పోటీలు పెట్టారట. ఇది చెప్పిన ప్రతిసారీ అవ్వ ఒక్కటే ప్రశ్న అడిగేది: "ఇంతకీ గా రోలర్ బాగైందా?" అది మాత్రం ఎవరూ చెప్పలేదని మామయ్య ఒప్పుకునేవాడు. "మరి ఇన్నేండ్ల సంది ఎందుకు ఆడుతున్నరురా?" అని అవ్వ పెదవి విరిచేది. పాత రోజుల్లో, కిందటేడు గెలిచినవాడు ఈ యేడు పోటీలన్నీ కుర్చీలో కూర్చుని చూసి, ఆఖరి ఆట ఒక్కటే ఆడేవాడట. ఆ పద్ధతి తీసేశారని తెలిసి అవ్వ చాలా బాధపడింది, పెద్దరికం లేకుండా పోయిందని. యుద్ధంలో బాంబు పడి పెద్ద కోర్టు ఒక మూల కూలిపోయిందనీ, ఆ రోజుల్లో అక్కడ కోళ్లూ పందులూ పెంచారనీ విన్నప్పుడు మాత్రం, "గది పనికొచ్చే ముచ్చట," అంది. అందరూ తెల్లబట్టలే వేసుకోవాలట అంటే, మా అమ్మ లోపల్నుంచి, "ఉతికేవాళ్లకు తెలుస్తుంది ఆ బాధ," అని కేకేసింది.

ఇక మా ఇంటి వింబుల్డన్. ఏటా పోటీలు మొదలయ్యే ముందు ఆదివారం, పేపర్లో మొదటి వరసలో వేసిన ఎనిమిది మంది ఆటగాళ్ల పేర్లూ చిట్టీల మీద రాసి అవ్వ పాత ఇత్తడి డబ్బాలో వేసేవాళ్లం. ఆ పేర్లు మా ఎవరికీ నోరు తిరిగేవి కావు. అవ్వ పేపర్లో బొమ్మలు చూసి అందరికీ కొత్తగా బారసాల చేసేది. పొడుగాయన, బుంగమూతి, నిద్రమొహం, ఇలా. అసలు పేర్లు ఇప్పుడు నాకు ఒక్కటీ గుర్తులేవు, అవ్వ పెట్టినవి ఎనిమిదీ గుర్తున్నాయి. మేం మనుషులం ఆరుగురం: పైన ముగ్గురు, కింద ముగ్గురు. ఏడో చిట్టీ దేవుడి పటానికి, ఎనిమిదోది అవ్వ మేకకు. నవ్వకండి, మేక ఒక యేడు నెగ్గింది కూడా. ఎవరి ఆటగాడు ఆఖరిదాకా మిగిలితే వాళ్లకు మామయ్య స్వయంగా గట్ కట్టిన రాకెట్. మా నాన్నగారు గెలిచిన రాకెట్‌ను గోడకు మేకు కొట్టి, రాజుగారి కత్తిలా తగిలించారు. మేక గెలిచిన రాకెట్‌తో అవ్వ పరుపులు దులిపింది. చిట్టీ మీద అవ్వకు ఎంత గురి అంటే, "చిట్టీల వచ్చింది కాదనొద్దు" అని, తనకు నచ్చకపోయినా ఊరుకునేది.

ఫలితాలు రాసే బాధ్యత నాన్నగారిది. ఆఫీసు నుంచి తెచ్చిన పెద్ద అట్టకాగితం మీద గీతలు గీసి, ఎవరి మీద ఎవరు గెలిచారో గుండ్రటి అక్షరాలతో సిరాతో రాసేవారు. రేడియో చెప్పింది చెల్లదు. రేడియోలో గరగర మధ్య ఎవరికి కావలసింది వాళ్లకు వినపడుతుందని ఆయన అభిప్రాయం. మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు పేపర్లో పడితేనే ఫలితం. ఆ పేపరు రాత్రి అక్కడ అచ్చయి, రైలెక్కి, మర్నాడు సాయంత్రానికి నాంపల్లి చేరేది. స్టేషన్‌కు పోయి తేవడం నా ఉద్యోగం. ఇంకొక నియమం: సిరాతో ఒకసారి రాశాక కొట్టివేతలు ఉండకూడదు. అది సెక్రటేరియట్ అలవాటు. తప్పు రాస్తే దాన్ని అలాగే ఉంచి, కింద 'పైది పొరపాటు' అని రాసి, నిజం రాసి, పొట్టి సంతకం పెట్టాలి. "కొట్టేస్తే ఏం దాచావో అని వెతుకుతారు, కింద రాస్తే ఒప్పుకున్నావని వదిలేస్తారు," అనేవారు.

ఆ యేడు సుశీలకు రాకెట్ కావాలి. సరదాకు కాదు. వాళ్ల బడిలో కోర్టు ఒకటి ఉంది, బడి రాకెట్లు రెండే. సొంత రాకెట్ ఉన్నవాళ్లనే జట్టులోకి తీసుకుంటానని ఆటల టీచరమ్మ చెప్పింది. ఊళ్లో సగం రాకెట్లు కట్టేవాడి కూతురికి సొంత రాకెట్ లేదు. మామయ్య ఇస్తానంటే అవ్వ పడనివ్వలేదు. "కట్టేటోళ్లం మనం, ఆడేటోళ్లం గాదు. ఆడపిల్ల సాయంత్రం దాకా బడిల ఎగురుతదా?" అంది. మామయ్య అన్నీ ఎదిరించేవాడు, పెద్దాఫీసర్లను కూడా, ఒక్క తల్లిని తప్ప. కాబట్టి సుశీలకు మిగిలిన దారి ఒక్కటే, చిట్టీ. డబ్బాలో చెయ్యి పెట్టేముందు ఆ పిల్ల కళ్లు మూసుకుని ఏదో గొణుక్కోవడం నేను చూశాను. ఆమెకు కోపిష్టి వచ్చాడు, బంతి బయటికి పోతే గడ్డిని తిట్టే రకం. నాకు పెళ్లికొడుకు వచ్చాడు, నున్నగా తల దువ్వుకుని ప్రతి బొమ్మలోనూ పక్కకు చూసి నవ్వేవాడు. మొదటి వారం తిరిగేసరికి దేవుడు ఓడిపోయాడు, మేక ఓడిపోయింది, పెద్దలందరూ వరసగా పడిపోయారు. మిగిలిన చిట్టీలు రెండే, సుశీలదీ నాదీ. సెమీఫైనల్లో ఆ ఇద్దరూ ఒకరికొకరు తగిలారు. అది గెలిచినవాళ్లదే రాకెట్.

నాకు రాకెట్ ఎందుకూ అంటారా? ఎందుకూ లేదు. నాకు ఆట రాదు, కోర్టు లేదు, బూట్లు లేవు. అది సుశీలకు కావాలి కాబట్టి నాకూ కావాలి, పదిహేనేళ్లకు అంతకంటే పెద్ద కారణాలుండవు. సరిగ్గా ఆ వారమే నాన్నగారు ఆఫీసు పని మీద వరంగల్ క్యాంపు వెళుతూ, సిరాబుడ్డీ కలమూ నా చేతిలో పెట్టి, "చూసి రాయి అబ్బాయ్," అన్నారు. చూసి రాయమనే అన్నారు, ఆ మాట వాస్తవం.

ఆ సాయంత్రం స్టేషన్లో పేపరు తీసుకుని, వాకిట్లోకొచ్చి, నులకమంచం ఎక్కి నిలబడి, "పెళ్లికొడుకు గెలిచాడు!" అని ప్రకటించాను. ఇంగ్లీషు సరిగ్గా రాని కుర్రాణ్ణి, తొందరలో ఒక ముక్క చూసి ఇంకో ముక్క వదిలేశాను, పొరపాటు జరిగిపోయింది. ఇలాగే ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. ఇప్పుడు ఈ వయసులో మీ దగ్గర దాచడం దేనికి? నా ఇంగ్లీషు అంత తీసికట్టు కాదు. ఆ పేపరు దూరపు ఊళ్ల రైలు అందుకోవడానికి ముందుగా అచ్చేసే ప్రతి. ఆట ఇంకా నడుస్తుండగానే అచ్చయిపోయింది. పెళ్లికొడుకు మొదటి రెండు సెట్లూ గెలిచాడని, అచ్చుకు వెళ్లే వేళకు మూడో సెట్టు జరుగుతోందని, అందులో స్పష్టంగా ఉంది. ప్లాట్‌ఫారం మీద నిలబడి రెండుసార్లు చదివాను. ఎవడైనా మూడు సెట్లు గెలిస్తేనే ఆట ముగుస్తుందని మామయ్య మాకు వందసార్లు చెప్పాడు. రెండు గెలిచినవాడు మూడోది గెలవకపోతాడా అని నాకు నేను చెప్పుకున్నాను. గెలిచే ఉంటాడు, రేపటి పేపర్లో అదే వస్తుంది, నేను ఒక రోజు ముందు రాస్తున్నానంతే అనుకున్నాను.

మంచం కింద నిలబడి సుశీల నన్నే చూస్తోంది. "మూడో సెట్టు ఎంత?" అంది.

"పేపర్లో వెయ్యలేదు."

"ఎందుకు వెయ్యలే?"

"చోటు లేక."

అవ్వ మాత్రం, "కోపిష్టోడు ఓడెనా? పోనీతియ్. పెళ్లికొడుకు మొకంల కళ ఉన్నది," అంది. నేను కాగితం మీద గుండ్రంగా పెళ్లికొడుకు అని రాసి, సిరా ఆరేదాకా ఊదాను. చీకటి పడేముందు మామయ్య దుకాణం నుంచి వచ్చాడు, గుడ్డలో చుట్టిన రాకెట్ నా చేతికిచ్చాడు. "గెల్చినవంట గద చిన్నసారూ. తీస్కో. తడి తగలనియ్యకు," అని, ఏదో అడగబోయి ఆగినట్టు నా మొహం వైపు కాసేపు చూసి, పైకి వెళ్లిపోయాడు. రాకెట్ పట్టుకుంటే పిడి కొంచెం సన్నగా అనిపించింది. నా చెయ్యి మగవాడి చెయ్యి అయిపోయిందని ఛాతీ పొంగింది.

మర్నాటి పేపర్లో కోపిష్టి మిగతా మూడు సెట్లూ గెలిచాడు. స్టేషన్ బెంచీ మీద కూర్చుని చదివాను, ఆ పేపర్ని బెంచీ మీదే మడిచి పెట్టి ఇంటికొచ్చాను. "పేపర్ రాలేదు," అన్నాను.

"రైలు వచ్చిందిగా, కూత విన్నాను," అంది అమ్మ.

"రైలు వచ్చింది. పేపర్ రాలేదు."

ఆ మర్నాడంతా సన్నగా జల్లు. రాకెట్ నా గదిలోనే ఉంది కానీ నా ప్రాణం అక్కడ లేదు. మెట్ల మీద సుశీల పైకీ కిందికీ తిరుగుతుంటే, ఆ అడుగులు నా గుండె మీద పడ్డట్టుంది. చివరికి ఆగలేకపోయాను. నన్నెవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. నా అంతట నేనే రాకెట్ తీసుకుని, ఆరో మెట్టు దాటి, పైకి వెళ్లి, సుశీల చేతిలో పెట్టాను. "ఇది నీది, నా చిట్టీ ఓడిపోయింది," అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సుశీల జట్టులో చేరింది, ఆటల టీచరైంది, ఎందరో ఆడపిల్లలకు ఆట నేర్పింది. ఆలోచిస్తే, అదంతా ఆ మెట్లెక్కిన నా రెండు కాళ్ల వల్లే. రెండ్రోజుల తరవాత నాన్నగారు క్యాంపు నుంచి వచ్చారు. ఒక పేపరు తక్కువైందని గమనించి, ఆఫీసులో అది వెతికి చదివి, నన్ను కాగితం ముందు నిలబెట్టారు. తిట్టలేదు. నా రాత కింద 'పైది పొరపాటు' అని నా చేతే రాయించి, కోపిష్టి పేరు రాయించి, పొట్టి సంతకం పెట్టించారు. అది నా జీవితంలో మొదటి సంతకం.

మొన్న దుకాణానికి వెళితే సుశీల స్టూలు మీద కూర్చుని ఫోన్లో ఆ వింబుల్డనే చూస్తోంది. అల్మారాలన్నీ ఖాళీ. కోర్టు గీతల దగ్గర వంగి నిలబడి బంతి లోపలో బయటో చెప్పే మనుషులు ఇప్పుడు లేరట. బంతి బయట పడితే మరమనిషి గొంతు ఒకటి అరుస్తుంది. ఆటగాడు తల తిప్పి చూస్తే అక్కడ కోప్పడటానికి ఎవరూ లేరు. "మనిషి తప్పు జెప్తె కొట్లాడొచ్చు. మిషిన్‌తోని ఏం కొట్లాడ్తవ్?" అంది సుశీల. పెద్ద కోర్టుకు కప్పు కూడా వేశారు, వాన పడితే మూసుకుంటుంది. లండన్‌లో బంతి పడటమూ ఆబిడ్స్‌లో మనం చూడటమూ ఒకేసారి జరిగిపోతున్నాయి. మా రోజుల్లో ఆ బంతి లండన్‌లో పడి నాంపల్లికి వచ్చేసరికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. ఆ సందులో ఒక కుర్రాడు నిలబడి అబద్ధం ఆడేంత చోటుండేది. ఆడిన అబద్ధాన్ని వాడంతట వాడే దిద్దుకునేంత తీరికా ఉండేది. ఇప్పుడు తప్పు చెయ్యడానికీ టైము లేదు, ఒప్పుకోవడానికీ లేదు. ఇది బాగుందో అది బాగుందో నన్నడక్కండి, నేను ఆ సందులో పెరిగినవాణ్ణి.

సుశీల అల్మారా పైనుంచి ఒక చెక్క రాకెట్ దించింది, వంకర పోకుండా నాలుగు మరల బిగింపులో భద్రంగా ఉంది. "ఇదేనా నా సామాను?" అన్నాను. "నీదే అని నువ్వే గద ఊరంత జెప్తున్నవ్, ఇచ్చిన ఇచ్చిన అని," అంది. ఏ సంగతీ తేల్చకుండా నవ్వి, రాకెట్‌ను తన సంచిలోనే పెట్టుకుంది. నేను ఇంటికొచ్చి, ఈ జ్ఞాపకం ఇక్కడిదాకా రాశాను. పోయిన ఆదివారం ఖైరతాబాదులో ఆమె ఇంటికి తీసుకెళ్లి, మొదటి నుంచీ చదివి వినిపించాను. సుశీల చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది. మెట్లెక్కి రాకెట్ చేతిలో పెట్టిన చోట ఈనె తీయడం ఆగింది.

"అది కొట్టెయ్యి," అంది. మళ్లీ తనే, "వద్దు, కొట్టెయ్యకు. మీ నాయిన జెప్పినట్టు కింద రాయి. నేను జెప్త."

అందుకని పైన రాసింది అలాగే ఉంచుతున్నాను. పైది పొరపాటు. ఆమె చెప్పింది చెప్పినట్టు ఇది.

"నువ్వు ఇయ్యలే. జల్లుల రాకెట్ వట్టుకపోయి గోడకు బంతి కొట్టినవ్. రెండు గట్లు తెగినయ్. మెట్ల కింద గోనెసంచిల దాచి ఉరికినవ్. మేక సంచి గుంజితే బయటపడ్డది. బాపు దాన్ని దుకాణంకు తీస్కపోయి, మళ్ల కట్టి, నా చేతుల పెట్టిండు. నువ్వు నీ ఆరో మెట్టు మీద నిలబడి జూసినవ్. ఏడ్చింది నేను గాదు, నువ్వు."

"మరి అవ్వ ఒప్పుకుందా? చిట్టీలో రానిది నీకెలా..."

"చిన్నసారు నాకొద్దు, సుశీలకియ్యమన్నడు అని బాపు అవ్వకు అబద్ధం జెప్పిండు. గా అబద్ధాన్నే నువ్వు ఇన్నేండ్ల సంది నీ గొప్పలెక్క మోస్తున్నవ్."

"అయితే ఆ సాయంత్రం మామయ్య నా మాట నమ్మాడు కదా? నమ్మబట్టే కదా రాకెట్ తెచ్చిచ్చాడు?"

సుశీల లోపలికి వెళ్లి ఆ రాకెట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. పిడి పట్టుకుంటే నా వేళ్లు అరచేతిని దాటి బొటనవేలి మీదికి ఎక్కాయి. అప్పుడు నా చెయ్యి పెద్దదైందనుకున్నాను. ఇన్నాళ్లకు సరిగ్గా చూశాను, పిడే చిన్నది.

"కోపిష్టోడు గెలిచిండని ఆ పొద్దుగాలనే దుకాణం పక్క హోటల్ల రేడియో జెప్పింది. నువ్వు స్టేషన్‌కు పోకముందే బాపుకు ఎరుక, నాకెరుక. చిన్నసారు ఏం జేస్తడో జూద్దాం, ఊకో బిడ్డా అన్నడు బాపు. పిడి నా చెయ్యి కొలతకు చెక్కిండు. చిట్టీలు తియ్యకముందే చెక్కిండు. ఇగ ఎవరు గెల్చినా అది వాళ్లకు పట్టరాదు, తిరిగి నా దగ్గరికే రావాలె. నువ్వు వింబుల్డన్‌ను మార్చలే సూర్యం, మా ఇంటిని గూడ మార్చలే. రెండు గట్లు తెంపినవ్, గంతే. గది రాసి, కింద సంతకం పెట్టు."